ఎస్టీడీ డబ్బాలో లైబ్రరీ

ఐలేశం మెడ తిరగదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే కుర్చీతో సహా తిరిగి చూడాలి. నల్లగొండ నుంచి మునుగోడు దారి పట్టి పోతే అలాంటి మనుషులు ప్రతి ఊళ్లోనూ కొందరు కనిపిస్తారు కాబట్టి సిరిగుట్టలో దాన్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. బోరునీళ్లు తాగిన మనిషి అనుకునేవారు, అంతే.

సిరిగుట్టకు దగ్గరలోని పల్లెలో కురుమల ఇంట్లో పుట్టాడతను. తండ్రి ఎండాకాలం మందను తోలుకుని కృష్ణ ఒడ్డు దాకా పోయి వానలకు తిరిగి వచ్చేవాడు. చిన్నప్పుడు ఐలేశం కూడా గొర్రెపిల్లను భుజాన వేసుకుని ఆ దారిలో నడిచినవాడే. తర్వాత బావులు ఎండాయి, ఊళ్లో బోరు వేశారు. కొన్నేళ్లకు పిల్లవాడి పళ్ల మీద పచ్చటి చారలు వచ్చాయి. మోకాళ్లు లోపలికి తిరిగాయి. వెన్ను కట్టెలా బిగుసుకుని ముందుకు వంగింది. తల్లి సైదమ్మ అతన్ని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నీళ్లతో వచ్చిందమ్మా. నీళ్లు మార్చాలి."

"మారిస్తే నిటారుగ నిలబడ్తడా సారూ?"

"నిలబడడు. ఇంకా వంగకుండా ఉంటాడు."

తండ్రి మందను విడిచి రానన్నాడు. సైదమ్మ మాత్రం కొడుకును తీసుకుని, నీళ్లు కాస్త నయమని ఎవరో చెప్పగా సిరిగుట్టకు వచ్చేసింది. కిరాయి గదిలో దిగి, బస్టాండు ముందున్న హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది. పొద్దున పోతే మళ్లీ పొద్దు గూకాకే రావడం. అప్పటికి పదిహేనేళ్లున్న ఐలేశం ఆ గదిలో ఒక్కడే కూర్చునేవాడు. మాట్లాడేందుకు మనిషి లేడు. పల్లెలో ఉన్నప్పుడు కనీసం గొర్రెలైనా ఉండేవి.

గదికి నాలుగిళ్ల అవతల గ్రంథాలయం ఉందని అతనికి తెలిసింది ఒక వేసవి మధ్యాహ్నం. నేలకు సమంగా ఉన్న పెంకుటింట్లో రెండు గదులు, ఒక పొడుగు బల్ల. కర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ కుర్రవాణ్ని అటెండరు చోటే మియా చూశాడు. నడి వయసు దాటిన మనిషి. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదువుకున్నాడు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు గాని ఏ పుస్తకం ఏ అరలో ఉందో చేత్తో తడిమి తీస్తాడు.

"ఏం గావాలె బేటా?"

"ఏం లేదు. లోపల సల్లగుంటదని."

"సల్లగుండుడు ఫుకట్‌గ ఇయ్యం. ఏదన్న చదవాలె," అంటూ కుర్చీ లాగాడు చోటే మియా.

అలా మొదలై ఐదేళ్లు గడిచాయి. ఐలేశం ఆ రెండు గదుల్లోని తెలుగు పుస్తకాలన్నీ చదివాడు. అర్థమైనవీ చదివాడు, కానివీ చదివాడు. ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాసి పాసయ్యాడు. మెడ బిగిసే కొద్దీ పుస్తకాన్ని కళ్ల ఎత్తుకు పట్టుకోవలసి వచ్చేది, చేతులు లాగేవి. చోటే మియా లావుపాటి పుస్తకాలు కొన్ని బల్ల మీద పేర్చి, వాటి మీద ఇతని పుస్తకాన్ని నిలబెట్టి ఇచ్చేవాడు.

ఎనభై ఆరులో గ్రంథాలయం కొత్త భవనంలోకి మారింది. కింద దుకాణాలు, పైన గ్రంథాలయం. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉండేవి. పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చెద పట్టిన పుస్తకాలను తూకానికి అమ్మేశారు. చోటే మియా వాటిలో ఒక గోనెసంచెడు తానే కొనుక్కుని ఇంటికి మోసుకుపోయాడు. ఎందుకని భార్య జన్నత్ బీ అడుగుతుండగానే దాన్ని మంచం కిందికి తోసేశాడట.

కొత్త భవనంలో ఉన్నన్నాళ్లు చోటే మియా రోజూ ఒక పుస్తకం కిందికి తెచ్చి ఐలేశానికి ఇచ్చేవాడు. దుకాణాల ముందు అరుగు మీద కూర్చుని చదివి సాయంత్రం ఇచ్చేయాలి. ఆయన రిటైరైన మర్నాటి నుంచి పుస్తకం రావడం ఆగిపోయింది. ఐలేశం కొన్నాళ్లు అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. చదివి దిగివచ్చేవాళ్ల మొహాలు చూసేవాడు. ఒకరోజు మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, రెండు చేతులూ ఆనించి, ఒక్కో మెట్టూ పైకి జరిగాడు. కింద కటింగ్ షాపులోని వాళ్లు కత్తెరలు ఆపి చూశారు. పైకి చేరేసరికి చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది.

కొత్త గుమాస్తా చెడ్డవాడు కాదు. మంచినీళ్లు తెప్పించాడు. "మెంబరువా? కాకపోతే ఆఫీసరు సంతకం తేవాలె. అప్పుడు ఇంటికే తీస్కపోవచ్చు," అన్నాడు.

"ఏ ఆఫీసరు సారూ?"

"ఎవరైనా, నీకు తెలిసినోళ్లు."

ఐలేశానికి తెలిసిన ఆఫీసరు ఎవరూ లేరు. నీళ్లు తాగి, మళ్లీ కూర్చుని ఒక్కో మెట్టూ దిగాడు. దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. ఆ తర్వాత అతను ఆ అరుగు మీద కనిపించలేదు.

తొంభై రెండులో వికలాంగుల కోటాలో అతనికి ఎస్టీడీ బూత్ మంజూరైంది. బస్టాండు మూలన పసుపు రంగు డబ్బా, లోపల అద్దాల అర, అరలో ఫోను, ఐలేశం ముందు ఎర్ర అంకెలు పరుగెత్తే మిషను. వెనక పడుకునేందుకు చిన్న గది. ఇక అన్నానికి లోటు లేదు. సైదమ్మ హోటల్ పని మానేసి పొద్దున్నే షట్టర్ ఎత్తి, ఊడ్చి, కొడుకును కుర్చీలో కూర్చోబెట్టేది.

సిరిగుట్ట చుట్టుపక్కల సగం ఇళ్లలో ఎవరో ఒకరు బొంబాయిలోనో భివండీలోనో దుబాయిలోనో ఉంటారు. వాళ్ల కోసం రోజంతా జనం వచ్చేవారు. అద్దంలోంచి మాటలు సరిగా వినపడవు గాని మొహాలు కనపడతాయి. నవ్వేవాళ్లు, గోడకు తల ఆనించి ఏడ్చేవాళ్లు, ఫోను పెట్టేశాక కూడా రిసీవర్ వదలనివాళ్లు. ఐలేశం ఎన్నో ఊళ్ల కోడ్ నంబర్లు నోటికి చెప్పగలిగేవాడు. అందులో ఏ ఊళ్లోనూ తాను ఫోన్ చేయవలసిన మనిషి లేడు. తండ్రి అంతకుముందే మందతో కృష్ణ ఒడ్డున ఉండగా పోయాడు. తొంభై ఐదు వానాకాలంలో సైదమ్మ జ్వరంతో పోయింది. ఆ తర్వాత షట్టర్ ఎత్తడానికి హోటల్ మనిషికి నెలకింతని ఇచ్చేవాడు. సాయంత్రం చోటే మియా వచ్చి కాసేపు బెంచీ మీద కూర్చుని పోయేవాడు. ఆయనకు కళ్లలో పొరలు వచ్చాయి. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

తొంభై ఎనిమిదిలో నల్లగొండ నుంచి మెహమూద్ వచ్చి పాత కంప్యూటర్ ఒకటి పెట్టిపోయాడు. రేడియోలు బాగుచేసి బతికిన మనిషి, రేడియోలు పోయాక కంప్యూటర్లు నేర్చుకున్నాడు. పెండ్లి పత్రికలు కొట్టుకుంటే గిట్టుబాటవుతుందని అతనే ఒప్పించాడు. ఒకసారి రిపేరుకు వచ్చి, సరదాకు ఫోన్ తీగను కంప్యూటర్‌కు తగిలించి హైదరాబాద్ నంబరు కలిపాడు. కీచుమని గొడవ చేసి, చాలాసేపటికి తెర మీద ఒక పేజీ మెల్లగా పైనుంచి కిందికి తెరుచుకుంది. ఎవరో ఇంగ్లీషు పుస్తకం మొత్తం అందులో పెట్టారు.

"గిది ఏడుంది?" ఐలేశం అడిగాడు.

"అమెరికాల ఏదో కంప్యూటర్‌ల ఉంటది. మనం గీడ కూసోని చూస్తున్నం. ఏ ఊర్లోడైనా చూడొచ్చు."

"ఎవ్వల సంతకం గావాలె?"

"సంతకమెందుకు భాయ్. తెరిచి చదువుకునుడే."

"మనం గూడ పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. జాగా ఫుకట్‌గ ఇస్తున్నరు. ఎవ్వలు చదువుతరు గాని?"

"మెట్లెక్కే పని లేదన్నట్టు," అన్నాడు ఐలేశం తెరను చూస్తూ. మెహమూద్‌కు ఆ మాట అర్థం కాలేదు.

మర్నాడు సాయంత్రం చోటే మియాతో సంగతి చెప్పాడు. ఆయన "తాళం ఎవరేస్తరు?" అన్నాడు.

"తాళం లేదు చాచా."

"మరి కితాబు ఎవడన్న ఎత్కపోతే?"

"ఎత్కపోయినా మనకాడ ఒకటుంటది."

చోటే మియా నమ్మినట్టు కనిపించలేదు. కాని రెండు రోజుల తర్వాత రిక్షాలో గోనెసంచిని వేసుకుని వచ్చాడు. పన్నెండేళ్లుగా మంచం కింద ఉన్న సంచి. అందులోంచి వచ్చిన పుస్తకాల్లో గొర్ల రోగాల మీద ఒకటి, తెలుగువాళ్లకు ఉర్దూ నేర్పేది ఒకటి, చుట్టుపక్కల ఊళ్ల పాటలు పోగుచేసినది ఒకటి, ఇంకా కథలూ పురాణాలూ ఉన్నాయి. రాసినవాళ్లు పోయి అరవై ఏళ్లు దాటితే ఎవరైనా అచ్చేసుకోవచ్చని ఫోన్ చేయడానికి వచ్చిన వకీలు ఒకాయన చెప్పాడు. అలాంటివే ఏరి పెట్టుకున్నాడు ఐలేశం.

రెండు చిక్కులు వచ్చాయి. తెలుగు అక్షరాలు అతని కంప్యూటర్‌లో కనపడ్డా ఇంకో ఊళ్లో పిచ్చిగీతల్లా వస్తాయట. అందుకని తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. దానికి అలవాటు పడ్డాడు. రెండోది మెడ. పుస్తకం బల్ల మీద ఉంటే తల వంచి చూడలేడు, చేత్తో ఎత్తి పట్టుకుంటే కొట్టలేడు. ఎవరైనా పక్కన కూర్చుని చదివితేనే పని సాగుతుంది. చోటే మియాకు చూపు లేదు.

ఆ వారం ఫోన్ చేయడానికి వచ్చి ఎదురుచూస్తున్న ఒకామె, అతను పుస్తకం ఎత్తిపట్టుకుని ఒక మాట కొట్టడం, మళ్లీ ఎత్తి చూడడం గమనించింది. అంగన్‌వాడీలో పనిచేసే బాలనర్సమ్మ. పద్మశాలీల కోడలు. భర్త భివండీలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేస్తాడు. అక్కడి కిరాణా దుకాణానికి ఫోన్ చేస్తే వాళ్లు పిల్లవాణ్ని పంపి అతన్ని పిలిపిస్తారు. అందాకా ఆగి మళ్లీ చేయాలి. ఒక్కోసారి అతను రాడు.

"ఇటియ్యి అన్నా, నేను చదువుత. ఎట్లనైనా ఖాళీగనే ఉన్న," అని ఆమె అతని ఎడమపక్కన కూర్చుని పుస్తకం అందుకుంది.

అంగన్‌వాడీ పిల్లలకు చెప్పినట్టు విడగొట్టి, నింపాదిగా చదివేది బాలనర్సమ్మ. ఆదివారం ఫోన్ కోసం వచ్చినప్పుడు ముందు కొన్ని పేజీలే చదివింది. తర్వాత ఆదివారం కాస్త ముందుగా రావడం, ఆ తర్వాత మధ్యలో ఇంకోరోజు కూడా రావడం మొదలైంది. ఇంట్లో అత్త, తాను, అంతే. గొర్ల రోగాల పుస్తకం చదువుతూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. పాటల పుస్తకం వచ్చినప్పుడు చదవలేక పాడింది. ఐలేశం వేళ్లు ఆగిపోయాయి.

"కొడ్తలేవేందన్నా?"

"కొడ్త టీచరమ్మా. జర మెల్లగ పాడు."

ఇంటికి పోయేటప్పుడు ఆమె ఎప్పుడూ "పోయొస్త అన్నా" అనేది. అన్నా అని ఊళ్లో అందరూ పిలిచేదే. ఆమె నోట ఆ మాట విన్నప్పుడల్లా ఐలేశం కంప్యూటర్ వైపు కుర్చీ తిప్పుకునేవాడు.

పుస్తకాన్ని కళ్ల ఎత్తున నిలబెట్టే చెక్క స్టాండు ఒకటి ఉంటే ఎవరూ చదవకుండానే పని జరుగుతుంది. ఆ ఆలోచన అతనికి మొదటి నెలలోనే వచ్చింది. వడ్రంగం చేసే వడ్ల కిష్టయ్య దుకాణం పక్క వీధిలోనే ఉంది. ఐలేశం కిష్టయ్యతో ఆ మాట అనలేదు.

గ్రంథాలయం మెల్లగా తయారైంది. మొదటి పేజీలో పైన ఇలా రాశాడు: "ఎవరైనా చదువుకోవచ్చు. ఎవరినీ అడగనక్కరలేదు." కింద ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి ఉండేది. పొద్దున షట్టర్ ఎత్తగానే లైను కలిపి ఆ అంకె చూసేవాడు. నిన్నటికీ ఇవాళటికీ ఒకటి పెరిగితే అది తాను చూసినదే. కొన్ని నెలల పాటు పెరిగినవన్నీ తాను చూసినవే.

తొంభై తొమ్మిది మొదట్లో పెద్ద పుస్తకం ఎత్తుకున్నారు. పాలమూరు నుంచి ఎడ్ల మీద ధాన్యం వేసుకుని సముద్రపు ఒడ్డుకు పోయి ఉప్పు తెచ్చే ఒక బేహారి కథ. పెళ్లాన్ని ఇంట్లో వదిలి పోతాడు. దారిలో దొంగలు, వరద, రోగం. ఒక్కో మజిలీకి ఒక్కో కథ. బాలనర్సమ్మ ఈ పుస్తకంలో మునిగిపోయింది. ఫోన్ కలిసి భర్త లైన్‌లో ఉన్నా, గబగబా మాట్లాడి వచ్చి కూర్చుని "ఏడిదాంక వచ్చినం?" అనేది. బేహారి సముద్రం ఒడ్డున జబ్బుపడి ఎవరి ఇంట్లోనో పడి ఉండగా వేసవి వచ్చింది.

ఒకరోజు ఆమె పుస్తకం తీయకుండా నిలబడింది.

"ఆయన రమ్మంటున్నడన్నా. ఉండనీకి ఖోలీ దొరికిందట. ఎల్లుండి బస్సుకు పోతున్నం, అత్తను గూడ తీస్కోని."

"నౌకరీ?"

"ఇడిసిపెట్టిన." బల్ల మీది పుస్తకాన్ని తాకి, "గాయిన ఇల్లు చేరిండో లేదో తెల్వకపాయె," అంది.

"చేరితే చెప్త," అన్నాడు ఐలేశం. ఎలా చెబుతాడో ఇద్దరూ ఆలోచించలేదు.

ఆమె పోయాక చాలా రోజులు కంప్యూటర్ మీద గుడ్డ కప్పే ఉంది. ఫోన్లు చేసుకునేవాళ్లు వచ్చారు, పోయారు. అతను మిషను అంకెలు చూసి చిల్లర ఇచ్చాడు. చోటే మియా సాయంత్రం వచ్చి, చేత్తో ఆ గుడ్డను తడిమి బెంచీ మీద కూర్చున్నాడు. చివరికి ఒకరోజు ఐలేశం హోటల్ మనిషిని పంపి కిష్టయ్యను పిలిపించాడు. కిష్టయ్య అరగంటలో కొలతలు తీసుకుని సాయంత్రానికి స్టాండు తెచ్చి బల్లకు బిగించాడు.

"గీ చిన్న పనికి ఇన్నొద్దులు ఆగినవేందిరా?" అన్నాడు మేకు కొడుతూ.

"యాదికి రాలే," అన్నాడు ఐలేశం.

స్టాండు బాగా కుదిరింది. పని మునుపటికంటే తొందరగానే నడిచింది. డబ్బాలో మాత్రం మీటల చప్పుడు తప్ప ఇంకేం లేదు. బేహారికి జబ్బు నయమై, తిరుగు ప్రయాణం కట్టి, కృష్ణ దాటాడు. అక్కడ పుస్తకం అయిపోయింది. చివరి పుటలను చెదలు తినేశాయి. ఆ సంగతి అప్పటిదాకా అతను చూసుకోలేదు. "ఇక్కడి నుంచి పుటలు దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే పంపగలరు," అని కొట్టి, కింద తన చిరునామా పెట్టాడు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. సాధారణంగా బయటి నుంచి వచ్చేవి ఎవరినో పిలవమనే ఫోన్లు.

"అన్నా, నేను. బాలనర్సమ్మను."

ఆమె వెనక సాంచాల రొద వినిపిస్తోంది. మా ఇంటి తాళం చెవి పక్కింటి బిక్షమ్మ దగ్గరుంది, వాన నీళ్లు కారుతున్నాయేమో ఒకసారి చూడమని చెప్పు అంది. చెబుతానన్నాడు.

"మంచిగున్నవా టీచరమ్మా?"

"ఉన్న. గీడ అంగన్‌వాడీ లేదు, ఏం లేదు. రొద. మాట ఇనపడది." గొంతు పెంచి, "గాయిన ఇల్లు చేరిండా?" అంది.

"ఆఖరి కాయితాలు లేవు. చెదలు తిన్నయి. అడిగిన, ఎవరన్న పంపుతరేమో."

"ఎవ్వల్ని అడిగినవు?"

"అందర్నీ."

ఆమె నవ్వింది. భివండీలో అలాంటి కంప్యూటర్ దుకాణం ఉందేమో చూడు, అందులో తెరిస్తే కనపడుతుంది అని చెప్పబోయాడు. వెనక నుంచి ఎవరో తొందరపెట్టినట్టున్నారు. "బిల్లయితున్నదన్నా, పెడుతున్న," అంది. ఐలేశం రిసీవర్ పట్టుకుని కొంతసేపు అలాగే ఉన్నాడు. కౌంటరు దగ్గర నిలబడ్డ రైతు దగ్గి, కోడ్ నంబరు అడిగాడు.

ఎక్కడో ఖరగ్‌పూర్‌లో రైల్వే గార్డుగా చేసి రిటైరైన తెలుగాయన ఒకరికి కొడుకు ఆ పేజీ తెరిచి చూపించాడట. ఆయన ఇంట్లో ఆ పుస్తకం మొత్తం ఉంది, ఆయన తండ్రిది. దీపావళి దాటిన వారంలో ఆయన ఆఖరి పుటలన్నీ తానే కొట్టి కంప్యూటర్‌కు పంపాడు. "మా నాన్న పోయాక ఈ పుస్తకం పేరు ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు," అని ఒక వాక్యం కూడా చేర్చాడు. ఐలేశం ఆ వాక్యాన్ని ఎన్నోసార్లు చదువుకున్నాడు.

తర్వాత పుటలు చదివాడు. బేహారి ఇల్లు చేరడం మూడు ముక్కల్లో అయిపోయింది. వచ్చాడు, పెళ్లాం కాళ్లకు నీళ్లిచ్చింది, ఇద్దరూ సుఖంగా ఉన్నారు. ఆ తర్వాత ఆరు పుటల నిండా సత్యం పలకడం వల్ల కలిగే లాభాలు. ఐలేశానికి నవ్వు వచ్చింది. మెడ తిరగని మనిషి నవ్వితే ఒళ్లంతా ఊగుతుంది. నవ్వుతూ అలవాటుగా కుర్చీని ఎడమవైపుకు తిప్పాడు. అక్కడ స్టాండు ఉంది.

ఆ నెలలోనే భివండీ నుంచి బాలనర్సమ్మ గల్లీవాడు ఒకతను ఊరికి వచ్చి ఫోన్ చేయడానికి డబ్బాకు వచ్చాడు. ఐలేశం అప్పటికే ఆఖరి పుటలను తెలుగు అక్షరాల్లో అచ్చు తీసి, మడిచి కవరులో పెట్టి ఉంచాడు.

"బాలనర్సమ్మకియ్యాలె. మీ దిక్కే ఉంటది గదా?"

"వాళ్లు లేరు గదనే. సూరత్ పోయిండ్రు, పండుగ ముంగటనే. గక్కడ పని మంచిగుందట."

"సూరత్‌ల ఏడ?"

"ఏమో. ఫోన్ నంబర్ లేదు."

అయినా కవరు అతనికే ఇచ్చాడు, సూరత్ పోయేవాళ్లు ఎవరైనా దొరికితే పంపమని. అతను జేబులో పెట్టుకుని పోయాడు. అది ఆమెకు చేరిందో లేదో ఎప్పటికీ తెలియలేదు.

ఆ సాయంత్రం చోటే మియా వచ్చేసరికి ఐలేశం "పుటలు దొరకలేదు" అన్న వాక్యం తీసేసి, వచ్చిన పుటలను దాని చోట పెడుతున్నాడు. ఎంతమంది చూశారన్న అంకె ఇప్పుడు రోజుకు మూడో నాలుగో పెరుగుతోంది. వాళ్లెవరో తెలిసే దారి లేదు.

"మన లైబ్రరీల ఎవరన్న ఉన్నరా ఇప్పుడు?" బెంచీ మీద కూర్చుంటూ అడిగాడు చోటే మియా. రోజూ అడిగేదే.

"ఉన్నరు చాచా. ఇద్దరు వచ్చి పోయిండ్రు."

"మాట్లాడిన్రా?"

"మాట్లాడరు. చదువుకోని పోతరు."

"అచ్ఛా. లైబ్రరీల మాట్లాడొద్దు గదా," అన్నాడు ముసలాయన, సంతృప్తిగా.

ఐలేశం ఇంకో పుస్తకం తీసి స్టాండు మీద పెట్టి, మొదటి పుట తిప్పాడు.